చలి దేశంలో మల్లెమొక్కకు ఎంత వెచ్చదనం కావాలి?

అమెరికాలో న్యూజెర్సీ, షికాగో, డిట్రాయిట్ లాంటి చలి ప్రాంతాల్లో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కరివేపాకు తరువాత ఎక్కువ ఆశతో పెంచుకునేది మల్లె. కరివేపాకు నుంచి మనకు కావలసింది ఆకే కనుక అది చలికాలం గట్టెక్కితే చాలు. మల్లె అలా కాదు. అది బతకడం వేరు, పూయడం వేరు. నవంబరు నుంచి మార్చి దాకా ఆ కుండీ ఎంత వేడిలో, ఎంత వెలుతురులో గడిపిందన్నదాని మీదే వేసవిలో పూసే పూలు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

ముందుగా మీ ఇంట్లో ఉన్నది మల్లేనా అన్నది చూసుకోండి. నర్సరీల్లో జాస్మిన్ అన్న పేరు మీద రకరకాల మొక్కలు అమ్ముతారు. మన మల్లె శాస్త్రీయ నామం జాస్మినమ్ సాంబాక్. ఇక్కడ దీన్ని అరేబియన్ జాస్మిన్ అంటారు కానీ మొక్క మాత్రం మన దక్షిణాసియాదే! ఇందులో మెయిడ్ ఆఫ్ ఓర్లియన్స్ అనే రకం ఇంట్లో తేలికగా పూస్తుంది. చిన్న గులాబీలా ముద్దగా పూసే గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీకి ఓపిక ఎక్కువ కావాలి. చలికాలం చివర్లో దుకాణాల్లో తీగను గుండ్రటి కమ్మీకి చుట్టి, గులాబీరంగు మొగ్గలతో అమ్మేది జాస్మినమ్ పాలీయాంథమ్. దాని పద్ధతి పూర్తిగా వేరు. శరదృతువులో నాలుగైదు వారాలపాటు రాత్రిళ్ళు 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనం తగిలితేనే అది మొగ్గ తొడుగుతుంది. మల్లెకని రాసిన సలహా దానికి పాటిస్తే ఒక్క పువ్వు కూడా చూడరు, దాని సలహా మల్లెకు పాటిస్తే మొక్కే మిగలదు. స్టార్ జాస్మిన్ అనేది అసలు ఈ జాతిదే కాదు. అందుకని కొనేటప్పుడు కుండీకి కట్టిన చీటీ మీద శాస్త్రీయ నామం చూడటం మంచిది.

ఇక అంకెల సంగతి. పెరిగే కాలంలో మల్లెకు పగలు 70 నుంచి 85 డిగ్రీలు, అంటే 21 నుంచి 29 సెంటీగ్రేడ్, రాత్రి 60కి తగ్గకుండా ఉంటే హాయిగా ఉంటుంది. చలికాలంలో రాత్రిళ్ళు 55 దాకా దిగినా తట్టుకుంటుంది. 50, అంటే 10 సెంటీగ్రేడ్, దాటి కిందికి పోతే ఎదుగుదల ఆగి ఆకులు పచ్చబడతాయి. గడ్డకట్టే చలి తగిలితే లేత కొమ్మలు మాడిపోతాయి.

మా ఇంట్లో థర్మోస్టాట్ 70 మీద ఉంటుంది కదా, ఇంకేం భయం అనుకోవచ్చు. థర్మోస్టాట్ చెప్పేది అది బిగించిన గోడ దగ్గరి వేడి. మొక్క ఉండేది కిటికీ దగ్గర. బయట మంచు కురిసే రాత్రి అద్దానికి ఆనుకున్న ఆకులకు గదికన్నా ఎంతో ఎక్కువ చలి తగులుతుంది. పైగా రాత్రి కర్టెన్ వేసేస్తే, కర్టెన్‌కీ అద్దానికీ మధ్య చిక్కిన మొక్కకు గది వేడి అందనే అందదు! చీకటి పడ్డాక కుండీని కర్టెన్ ఇవతలికి జరిపితే చాలు, సగం సమస్య తీరుతుంది. ఇంకో పక్క, చాలా ఇళ్ళల్లో హీటర్ వెంట్లు సరిగ్గా కిటికీల కిందే ఉంటాయి. ఆ వేడిగాలి నేరుగా తగిలితే మొగ్గలు ఎండి రాలిపోతాయి.

కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. దాన్ని కుండీ పక్కనే, ఆకుల ఎత్తులో పెట్టి వారం రోజులు చూడండి. సగటుతో పని లేదు, కనిష్ఠమే చూడాలి. మనలో సర్వర్లతో కుస్తీపట్టే వాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదనుకుంటాను.

చలికాలంలో మల్లెలు చావడానికి చలికన్నా చలిలో పోసే నీళ్ళే ఎక్కువగా కారణమని నా అభిప్రాయం. మట్టి చల్లగా ఉన్నప్పుడు వేళ్ళు నీటిని సరిగ్గా పీల్చుకోలేవు. ఆకు పచ్చబడుతుంది. దాహమేమో అనుకుని మనం ఇంకాస్త పోస్తాం. వేరుకుళ్ళు మొదలవుతుంది. వేలు పెట్టి చూస్తే పైన ఒక అంగుళం మట్టి పొడిగా తగిలాకే పోయాలి. అదీ కొళాయి నుంచి వచ్చే మంచులాంటి నీళ్ళు కాదు, గదిలో కాసేపు ఉంచినవి.

మనవైపు మల్లె తోటల రైతులు చలికాలంలో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మొక్కకు విశ్రాంతినిస్తారు. ఆ తరువాత ఎరువు, నీళ్ళు పెడితే వచ్చే కొత్త చిగుళ్ళకే మొగ్గలు వస్తాయి. ఇక్కడా అదే సూత్రం. డిసెంబరు, జనవరిలలో రాత్రిళ్ళు 55-60 డిగ్రీలు, తక్కువ నీళ్ళు, ఎరువు అసలు లేకుండా ఉండనివ్వండి. అన్నట్టు, ఇండియా వెళ్ళేటప్పుడు పైపులు గడ్డకట్టకుండా థర్మోస్టాట్ 55 దగ్గర పెట్టి వెళుతుంటాం కదా! కుండీని అద్దానికి దూరంగా, వెలుతురు పడేచోట ఉంచి వెళితే మల్లెకు అది సరిపోతుంది. మూడు నాలుగు వారాల ప్రయాణమైతే మధ్యలో ఒకసారి నీళ్ళు పోయమని పొరుగువారికి చెప్పండి, రోజూ మాత్రం వద్దనండి.

ఫిబ్రవరి చివర్లో కొమ్మల్ని మూడోవంతు దాకా కత్తిరించి, దక్షిణం వైపు కిటికీలోకి మార్చి, పగలు 70 పైన ఉండేలా చూడండి. ఎండ చాలని ఇళ్ళల్లో మొక్కల లైటు తప్పదు, ఎందుకంటే వెలుతురు లేని వేడికి తీగ సన్నగా సాగుతుందే కానీ పూయదు. హీటర్ వల్ల గాలి పొడిబారితే ఎర్రనల్లి పడుతుంది. వారానికొకసారి ఆకుల అడుగుభాగాన్ని షవర్ కింద కడిగితే అది అదుపులో ఉంటుంది.

రాత్రి ఉష్ణోగ్రత 50కి తగ్గని రోజులు వచ్చాకే కుండీ బయట పెట్టాలి. షికాగోలో అయితే మే నెల చివరిదాకా ఆగడం క్షేమం. మొదటి వారం నీడలో, ఆ తరువాతే ఎండలో. హ్యూస్టన్ వైపు వాళ్ళు నేలలోనే పెంచుకోవచ్చు కానీ 2021 ఫిబ్రవరిలో అక్కడ కూడా 20 డిగ్రీల లోపుకు పడిపోయిందన్నది మరవకండి. అలాంటి రాత్రికి పైన దుప్పటి కప్పి, మొదలు చుట్టూ మందంగా ఆకులో గడ్డో పరిస్తే పైకొమ్మలు పోయినా మొదలు దక్కే అవకాశం ఉంటుంది. చలి రాష్ట్రాల్లో మాత్రం సెప్టెంబరు చివర్లోనే, ఇంట్లో హీటర్ ఇంకా వేయకముందే, కుండీ లోపలికి తెచ్చేయండి. బయటి చల్లగాలి నుంచి ఒక్కసారిగా హీటర్ వేడిలోకి తెస్తే ఉన్న ఆకులన్నీ రాల్చేస్తుంది.