అండమాన్, నికోబార్ దీవుల పక్షులు - చూడబోవువారికి కొంత సమాచారం

బంగాళాఖాతమునకు తూర్పు అంచున ఉత్తర దక్షిణములుగా పరచుకొనియున్న అండమాన్, నికోబార్ దీవులలో ఇరవైకి పైగా పక్షి జాతులు ప్రపంచమున మరెక్కడా లేనివి. ప్రధాన భూభాగమునకు వందల కిలోమీటర్ల దూరమున, సముద్రము నడుమ చిక్కుకొనిపోయిన పక్షులు తరతరాలుగా తమలో తామే పెరిగి వేరు జాతులుగా మారినవి. ఆ కారణముననే అవి అపురూపములు, ఆ కారణముననే అపాయమునకు దగ్గరగా ఉన్నవి కూడా.

తెలుగువారికి ఈ దీవులు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇచట నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరముల నుండి చేపల వేటకు, కూలి పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్‌లో అనేకం. 2024 సెప్టెంబరులో ఆ పట్టణం పేరును శ్రీవిజయపురంగా మార్చారు. చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవుల నుండి ఓడలు కలవు. అయితే విశాఖ ఓడ అరుదు, ప్రయాణం రెండు రోజులకు పైబడును. పక్షుల కొరకు వెళ్లువారు జనవరి నుండి మార్చి వరకు గల పొడి మాసములను ఎంచుకొనుట మంచిది. ఇచట తెల్లవారుజామున ఐదు గంటలకే వెలుగు వచ్చును, సాయంత్రం ఐదున్నరకే చీకటి కమ్మును. ఎనిమిదింటికి ఫలహారం ముగించి బయలుదేరువారికి మిగులునది ఎండ మాత్రమే.

పట్టణమునకు దక్షిణమున గల చిడియాటాపు అడవి మొదట చూడదగినది. ఎర్రని జుట్టుతో, ఒళ్లంతా నలుపుతో ఉండు అండమాన్ వడ్రంగి పిట్ట ఎత్తైన చెట్ల మాను మీద కానవచ్చును. గోధుమ వన్నె జెముడు కాకి, అండమాన్ పసులపోలిగాడు అంత కష్టపెట్టవు. మడ అడవుల అంచున కొమ్మ మీద కదలక కూర్చుండు పాముల గద్ద దొరకును. అండమాన్ క్రేక్ మాత్రం పొదల మాటున నడుచు పక్షి. దాని పిలుపు విని తృప్తిపడి వచ్చువారే ఎక్కువ. రాత్రివేళ గుడ్లగూబల కొరకు తిరుగువారు స్థానిక మార్గదర్శిని వెంట తీసుకొనిపోవలెను.

సిప్పీఘాట్ చిత్తడి నేలల కథ వేరు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల కుంగి, వరి పొలములలోకి ఉప్పునీరు ప్రవేశించి మరల పోలేదు. రైతు నష్టపోయిన ఆ మడులలోనే నేడు అండమాన్ టీల్ బాతులు ఈదుచున్నవి.

నార్కొండం దీవిది విడి ముచ్చట. ఉత్తర అండమాన్‌కు తూర్పున నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున గల ఈ నిద్రాణ అగ్నిపర్వతం వైశాల్యం ఏడు చదరపు కిలోమీటర్లు మాత్రమే. నరకకుండం అను మాటయే ఈ పేరుగా మారినదని ఒక వాదం కలదు. నార్కొండం హార్న్‌బిల్‌కు లోకమంతా ఈ ఒక్క దీవియే. దీనిని 1873లో వర్ణించినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్, తరువాత కాంగ్రెస్ స్థాపనలో పాలుపంచుకొన్న దొరయే. మగదానికి తల, మెడ ఎర్ర గోధుమ రంగు, ఆడదానికి నలుపు. ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి ద్వారమును మూసుకొనును. సన్నని చీలిక గుండా మగపక్షి మర్రి జాతి పండ్లు అందించును. పోలీసు ఠాణా కొరకు తెచ్చిన మేకలు ఒకప్పుడు అడవి మొలకలను మేసివేయగా, తరువాత వాటిని తొలగించవలసివచ్చెను. 2012లో రాడార్ కేంద్రం ప్రతిపాదనను పర్యావరణ మంత్రిత్వ శాఖ తిరస్కరించినది. 2014లో అనుమతి లభించినది. 2020 ప్రాంతపు సర్వేలో వీటి సంఖ్య సుమారు వెయ్యిగా తేలినది. అటవీ శాఖ అనుమతి లేక ఎవరును దిగరాదు. దూరమున ఓడ పైనుండి చూచుటయే చాలామందికి దక్కును.

నికోబార్ దీవులలో గిరిజన రక్షిత ప్రాంతాలకు 1956 నాటి నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి తప్పనిసరి. గ్రేట్ నికోబార్‌లో 1969 నుండి స్థిరపరచబడిన మాజీ సైనికులలో ఆంధ్రప్రదేశ్ వారును ఉన్నారు. ఈ దీవులలో తప్పక చూడవలసినది మెగాపోడ్. కోడిపెట్టంత ఉండు ఈ పక్షి గుడ్లను పొదగదు. ఇసుక, ఆకులు, మట్టి పోగుచేసి దిబ్బ కట్టి అందులో పాతిపెట్టును. కుళ్లు ఆకుల వేడికి పిల్ల వెలువడి, తల్లి సాయం లేకయే పరుగు తీయును. ఈ దిబ్బలు ఎక్కువ భాగం కడలి ఒడ్డునే ఉండుట వలన 2004 సునామీ వాటిని ఊడ్చివేసినది. 1990లలో 2,300 జంటలకు తగ్గక ఉన్నవి 2006 నాటికి సుమారు 800కు పడిపోయినవి. మెగాపోడ్ ద్వీపమనబడిన చిన్న అభయారణ్యం నీట మునిగిపోయినది.

మిగిలిన దిబ్బలకు ఇప్పుడు మనుషుల వలననే భయం. గలాథియా బే అభయారణ్యం హోదాను 2021 జనవరిలో తొలగించి, అచట భారీ ఓడరేవు ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చిరి. బదులుగా మెగాపోడ్ కొరకు మెంచాల్ దీవిని అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ దీవి విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లైనను లేదు. తీరమున దిబ్బ కట్టుకొను పక్షికి అది గలాథియా తీరమునకు ప్రత్యామ్నాయమగునా అనునది సందేహాస్పదమే.