వార్తాగది సాఫ్ట్‌వేర్ - చరిత్ర ఆధారాలు

1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా సంచికలను ప్రవేశపెట్టింది. మండల స్థాయి వార్తలకు చోటు పెరిగింది. కాజీపేట వంటి రైల్వే పట్టణపు నిత్యజీవితాన్ని పరిశోధించే మీకు జిల్లా పేజీలు విలువైన ఆధారాలు. అయితే కంప్యూటర్‌లో ఉన్నంతమాత్రాన అవి దొరుకుతాయా?

డీటీపీ కాలపు తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒక లోపం ఉంది. తెరపై కనిపించేది తెలుగు అక్షరం; ఫైలులో నిలిచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతం. అందుచేత యూనికోడ్‌లో ‘కాజీపేట’ అని టైపు చేసి వెతికితే ఆ వార్తలు దొరకవు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినా, పాత ఫాంట్ల వాడకం చాలాకాలం సాగింది.

యూనికోడ్ ఒక్కటే చాలదు. ఈ ఊరిని ‘ఖాజీపేట’ అనీ రాస్తారు. కడప జిల్లాలో మరో ఖాజీపేట ఉంది. మన కాజీపేట 2016 వరకు వరంగల్ జిల్లాలో, తరువాత వరంగల్ అర్బన్‌లో ఉండేది. 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండగా మారింది. కాబట్టి వార్తలను స్వీకరించి, సరిదిద్ది, భద్రపరచే సాఫ్ట్‌వేర్‌లో ఊరు, మండలం, జిల్లా, తేదీలకు వేర్వేరు గడులుండాలి. జిల్లా మారినా పాత పేరును చెరపరాదు.

వెతికినది దొరకకపోతే ఆ సంఘటన జరగలేదని నిర్ణయించకండి. ముందుగా ఆ వార్తలను ఎలా భద్రపరిచారో తెలుసుకోండి.