రోజుకో రూపాయి నుంచి క్రెడిట్ కార్డు దాకా



ఈ ఏడాది మన గ్రామ సంఘాల మీటింగుల్లో క్రెడిట్ కార్డు మాట చాలాసార్లు వచ్చింది. దాని సంగతి అర్థం కావాలంటే మనం నడిచొచ్చిన దారి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మా అమ్మల కాలంలో అప్పు కావాలంటే షావుకారు గడపే. కమ్మలు కుదువ పెట్టాలి, లేదంటే నోటు మీద వేలిముద్ర వెయ్యాలి. నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అది ఊరూరికీ పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుంటూ ఆ జిల్లాలో పొదుపులక్ష్మి గ్రూపులు లేచాయి. 1992లోనే నాబార్డు గ్రూపులకు బ్యాంకు అప్పు ఇప్పించే పని మొదలుపెట్టింది. 2000లో వెలుగు వచ్చింది. గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి.

తర్వాత మైక్రో ఫైనాన్సు కంపెనీలు వచ్చాయి. తిరగకుండానే ఇంటికొచ్చి అప్పిస్తున్నారని సంతోషపడ్డాం. ఒకే మనిషి మూడు నాలుగు కంపెనీల్లో తీసుకుంది. ఒకరి కంతు కట్టడానికి ఇంకొకరి దగ్గర తెచ్చింది. వారం వారం వాకిట్లో వసూళ్లు, మాటలు పడటం. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో చట్టం చేసింది. అప్పట్లో ఎవరికెంత అప్పుందో పక్కింటికి కూడా తెలిసేది కాదు. సిగ్గుపడి దాచుకున్నాం, మునిగిపోయాం.

ఇప్పుడు కార్డు వంతు. మన దేశంలో క్రెడిట్ కార్డు 1980ల నుంచే ఉన్నా అది జీతగాళ్ల వస్తువు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును ఫోనుకు కలుపుకుని కిరాణా కొట్లో కూడా స్కాన్ చేస్తున్నారు. చేతిలోంచి నోటు పోదు కాబట్టి ఖర్చు తెలియదు.

మా గ్రూపులోనే ఒక అక్క కార్డు మీద ఫ్రిజ్జు, కొడుక్కి ఫోను కొన్నది. బిల్లులో "కనీసం ఇంత కట్టండి" అని ఉంటే, అదే కంతు అనుకుని నెలనెలా అంతే కట్టింది. ఎనిమిది నెలలైనా బాకీ తగ్గలేదు. మాకు చెప్పలేదు. రెండు నెలలు గ్రూపు కంతు ఆగాకే బయటపడింది.

లెక్క చూడండి. బాకీ 10,000, వడ్డీ నెలకు నూటికి మూడున్నర అనుకుందాం. వడ్డీ 350, దాని మీద జీఎస్టీ 63. కనీసం అని 500 కడితే అసలులో తగ్గేది 87 రూపాయలే. షావుకారు వడ్డీకి ఇదేం తక్కువ? పైగా బిల్లు పూర్తిగా కట్టకపోతే కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

మేము ఆ అక్కకు నూటికి రూపాయి వడ్డీకి గ్రూపు పొదుపులోంచి అప్పు ఇచ్చి కార్డు బాకీ ఒకేసారి కట్టించాం. కార్డు రద్దుకి బ్యాంకులో అర్జీ పెట్టించాం. బాకీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో రద్దు చెయ్యాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

ఆ నెల మినిట్సు బుక్కులో ఇలా తీర్మానం రాసుకున్నాం:

కార్డు తీసుకునే ముందు మీటింగులో చెప్పాలి. గడువులోపల బిల్లు మొత్తం కట్టగలిగితేనే కార్డు గీకాలి. కార్డుతో డబ్బు తియ్యకూడదు. ఒక కార్డు బాకీకి ఇంకో కార్డు వాడకూడదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదు. మన పేరున కార్డు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, కొడుకైనా సరే.

మన అమ్మలు రూపాయి రూపాయి లెక్క నలుగురిలో చెప్పుకునే ఇంత సంఘం కట్టారు. మన అప్పు కూడా ఆ చాప మీదే కూర్చుని చెప్పుకుందాం. చెప్పినవాళ్లని ఎవరూ తక్కువగా చూడొద్దు.