తూటాలు సొంతంగా నింపుకోవడం: ముందు దేశం, తర్వాత పుస్తకం, ఆ తర్వాతే ప్రెస్సు

హ్యూస్టన్ నుంచి కౌలాలంపూర్‌కి బదిలీ మీద వస్తున్న ఒక మిత్రుడు ఇంటి సామాను జాబితా పంపించి, ఏవి తెచ్చుకోవచ్చో చూసి చెప్పమన్నాడు. గ్రైండరు, పిల్లల కీబోర్డు, పుస్తకాల పెట్టెలు అన్నీ బాగానే ఉన్నాయి. చివరి వరుసలో మాత్రం "రీలోడింగ్ ప్రెస్సు, మూడు డబ్బాల పౌడరు, రెండు వేల ప్రైమర్లు" అని ఉంది. అది చదివి వెంటనే ఫోను చేశాను.

సంగతి తెలియని వారి కోసం రెండు మాటలు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలిన తర్వాత మిగిలేది కేసు ఒక్కటే. నాలుగింటిలో ఖరీదైనదీ సాధారణంగా అదే. దాన్ని మళ్ళీ కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు, మందు, గుండు పెట్టుకోవడమే రీలోడింగ్. అమెరికాలో గరాజుల్లో మామూలుగా సాగే అలవాటు ఇది. అక్కడి మన ఇంజనీర్లలో కొందరికి దీని మీద మోజు ఎక్కువ, తూనికలూ కొలతలూ ఉన్న పని కదా!

మలేషియాలో లెక్క వేరు. 1960 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంటే ఏడేళ్ళ దాకా జైలు, లేదా పదివేల రింగిట్ల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని తుపాకీ అయితే 1971 నాటి చట్టం కింద శిక్ష పద్నాలుగేళ్ళ దాకా వెళుతుంది, పైగా బెత్తం దెబ్బలు. ఎయిర్ గన్ కూడా ఇక్కడ ఆయుధమే. తుపాకీ మందు విషయానికి 1957 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. 2012లో రద్దయిన అంతర్గత భద్రతా చట్టం కిందయితే తూటాలు దొరికినా మరణశిక్షే. 1977లో పెనాంగ్‌లో పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఒక పిస్తోలు, ఇరవై తూటాల కేసులో ఆ శిక్ష పడి, తర్వాత తగ్గింది. ఆ చట్టం పోయినా ఈ దేశం తూటాను చూసే చూపు పెద్దగా మారలేదు. ఇంట్లో కూర్చుని తూటాలు చేసుకోవడం సరదా అంటే ఇక్కడ ఎవరూ నవ్వరు.

అందుకని మిత్రుడికి చెప్పింది ఒకటే: ప్రెస్సు అక్కడే ఎవరికైనా అమ్మెయ్యి, మందూ ప్రైమర్లూ తోటి షూటర్లకు ఇచ్చెయ్యి. అమెరికా విమానాశ్రయాల్లో ఈ రెండింటినీ చేతి సంచిలోనే కాదు, చెకిన్ సామానులోనూ ఒప్పుకోరు. రేంజికి తీసుకెళ్ళే సంచి ప్రయాణానికి వాడవద్దని కూడా చెప్పాను. అరల మూలల్లో ఒక తూటా ఉండిపోతే దిగిన చోట సంజాయిషీ చెప్పుకోవాలి. ఇండియాలో ఇలా విమానాశ్రయాల్లో పట్టుబడ్డవారు చాలామందే. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. కానీ ఆ మాట కోర్టులో రుజువయ్యే లోపు ఫ్లైటు, ఒక్కోసారి ఉద్యోగం కూడా పోతాయి. ఖాళీ కేసు తూటా కిందికి వస్తుందా రాదా అన్న వాదన కస్టమ్స్ బల్ల దగ్గర పెట్టుకోకండి.

ఇక చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న పాఠకులకు. మొదట కొనవలసింది ప్రెస్సు కాదు, పుస్తకం. లైమన్, హార్నడీ, సియెర్రా వంటి సంస్థల మాన్యువళ్ళు రెండైనా దగ్గర ఉండాలి. ఒకే తూటాకు రెండింటిలో అంకెలు తేడాగా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు. బారెల్, కేసు, ప్రైమరు, గుండు మారితే పీడనమూ మారుతుంది. అందుకే గరిష్ఠ అంకె దగ్గర ఎప్పుడూ మొదలుపెట్టకూడదు. పుస్తకం ఇచ్చిన ఆరంభపు తూకం దగ్గర మొదలుపెట్టాలి. అది ఇవ్వకపోతే గరిష్ఠానికి పది శాతం తక్కువతో మొదలుపెట్టడం వాడుక. ఆరంభపు తూకం కన్నా కిందికి పోవడమూ క్షేమం కాదు, గుండు బారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు. ఏ ఒక్క భాగం మార్చినా మళ్ళీ మొదటికి రావలసిందే. సైన్యపు కేసుల గోడలు తరచు మందంగా ఉంటాయి, లోపల చోటు తక్కువ, కాబట్టి అదే మందుకు పీడనం ఎక్కువ. పాత పుస్తకాల్లో పీడనం సీయూపీల్లోనూ కొత్తవాటిలో పీఎస్ఐల్లోనూ ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే సూత్రం లేదు, ప్రయత్నించకండి.

మెట్రిక్‌లో పెరిగిన మనకు ఇంకో చిక్కు. మందు తూకం గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో. మన కంసాలి గురిగింజలతో తూచినట్టే ఇదీ గింజ పేరు మీద పుట్టిన కొలత. పౌనుకు 7000 గ్రెయిన్లు, అంటే గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. గ్రాము అని పొరబడితే పదిహేను రెట్లవుతుంది, అంత మందు కేసులో పట్టనే పట్టదు కాబట్టి దొరికిపోతారు. అసలు ప్రమాదం 3.5ని 5.3గా చదవడంలో ఉంది. అందుకని 0.1 గ్రెయిన్ చూపించే త్రాసు, దాన్ని సరిచూసే తూకపు రాళ్ళు తప్పనిసరి.

ప్రెస్సుల్లో మోజు ప్రోగ్రెసివ్ మీదకు పోతుంది, గంటకు వందల తూటాలు చేస్తుంది కాబట్టి. కొత్తవారికి నేను సింగిల్ స్టేజ్ మాత్రమే చెబుతాను. ఒక్కో లాగుకు ఒక్కటే పని, కళ్ళు ఆ ఒక్క పని మీదే ఉంటాయి. పిస్తోలు తూటాల్లో కేసు పెద్దది, మందు కొంచెం. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి తెలియదు, తుపాకీ చేతిలో పగులుతుంది. సగానికి పైగా నిండే మందు ఎంచుకుంటే రెండోసారి పోసినది పొంగి బయటికి వస్తుంది. అయినా గుండ్లు పెట్టేముందు కేసులన్నీ చెక్క దిమ్మెలో నిలబెట్టి టార్చి వేసి చూడండి. బల్ల మీద ఒక్క డబ్బా మందే ఉండాలి. పేరు లేని మందు పారెయ్యవలసిందే. డై పెట్టె, షెల్ హోల్డరు, క్యాలిపర్, కంటి అద్దాలు మిగతా సామగ్రి. పిస్తోలు కేసులకు కార్బైడ్ డై కొంటే నూనె బాధ తప్పుతుంది, మెడ ఉన్న రైఫిల్ కేసులకు మాత్రం నూనె రాయకపోతే డైలో ఇరుక్కుంటాయి. సీసం అంటుకున్న చేతులు కడగకుండా పిల్లల్ని ఎత్తుకోకండి.

మిత్రుడు ప్రెస్సు అమ్మేశాడు, కాలిపర్ మాత్రం వెంట తెచ్చుకున్నాడు. గురి చూసే సరదా తీరాలంటే ఇక్కడ లైసెన్సు ఉన్న రేంజిలో, క్లబ్బు ద్వారా. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎనిమిది నెలల గర్భంతో పోటీ చేసిన నూర్ సూర్యానీ ఈ దేశపు షూటరే. ఆమె ఆడిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వాడేది 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళ్ళు. మందూ లేదు, కేసూ లేదు, తిరిగి నింపే పనీ లేదు.