హవా దూర్చిన కారీగర్లు

తెలుగులో 'హవా' అంటే జోరు. ఎన్నికలొస్తే ఫలానా పార్టీ హవా నడుస్తోంది అంటాం. ఉర్దూలో హవా అంటే గాలి. బడిలో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు చదివిన నాకు ఈ రెండు మానీలూ కలిసే చోటు ఒకటి తెలుసు. అది ఇంజను. ఇంజనులోకి ఎంత గాలి పోతే అంత జోరు.

మా సోంపేట నుంచి కంచిలి మీదుగా హైవే ఎక్కితే లారీల వెనక 'టర్బో' అనే మాట కనిపిస్తూనే ఉంటుంది. కుర్రాళ్ళకి ఆ మాటంటే షౌక్. వాళ్ళ సవాల్ ఎప్పుడూ ఒకటే: ఇలాంటిదేదో పాత కారుకి సస్తాగా బిగించుకోలేమా? ఈ సవాల్‌కి పెద్ద తారీఖే ఉంది. అందులో నవాబుల కన్నా, కంపెనీల కన్నా కారీగర్లే ఎక్కువ కనిపిస్తారు.

ముందు అసలు బాత్. గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎంతైనా పోయొచ్చు, గాలిని మాత్రం ఇంజను తన ఊపిరి కొద్దీ పీల్చుకోవాల్సిందే. ఆ గాలిని బయటినుంచి ఒత్తి దూర్చే పంపే సూపర్‌చార్జర్. ఇంజను తిరిగే బలంతోనే, బెల్టు మీద నడుస్తుంది. సైలెన్సర్ వైపు పోయే పొగ జోరుతో తిరిగితే అది టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచీ 1905లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. కొలిమి దగ్గర తిత్తి ఊదే లోహార్‌ని చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ ఉండదు. నిప్పుకి గాలి పెంచితే మంట పెరుగుతుంది.

సూపర్‌చార్జర్ పుట్టింది కూడా కొలిమి పక్కనే. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో రూట్స్ అనే అన్నదమ్ములకి ఉన్ని మిల్లు ఉండేది. రెండు రెక్కల చక్రాలు ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా తిరిగే యంత్రానికి వాళ్ళు 1860లో పేటెంట్ తీసుకున్నారు. లోహం కరిగించే ఫర్నేసులకి గాలి ఊదడానికి అది బాగా పనికొచ్చింది. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్ ఇంజనులోకే గాలిని ఒత్తి పంపే పద్ధతికి పేటెంట్ రాయించుకున్నాడు. 1921లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ ఉన్న కార్లు పెట్టింది. వాటిలో ఒకదాని పేరు 10/40/65. మొదటి అంకె ట్యాక్స్ లెక్క. రెండోది మామూలు హార్స్‌పవర్. మూడోది పెడల్ నేలకంటా తొక్కితే గాలి పంపు అందుకుని ఇచ్చే హార్స్‌పవర్.

ఆ జమానాలో ఇది రయీస్‌ల షౌక్. ఇంగ్లండ్‌లో టిమ్ బర్కిన్ అనే రేసర్ జిద్దు పట్టి బెంట్లీకి సూపర్‌చార్జర్ పెట్టించాడు. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకే అది ఇష్టం లేదు. గాలి ఒత్తడం కన్నా ఇంజనే పెద్దది చెయ్యాలని ఆయన వాదన. 'బ్లోవర్ బెంట్లీ' ఎంత మషూర్ అయినా లె మాన్స్ రేసు ఒక్కసారీ గెలవలేదు.

మామూలు ఆదమీ చేతికి ఇది వచ్చిన దారి వేరు. 1938లో జనరల్ మోటార్స్ '71 సిరీస్' డీజిల్ ఇంజన్లు తెచ్చింది. ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు. వీటికి సొంతంగా ఊపిరి పీల్చుకునే తాకత్ లేదు. అందుకే ప్రతి ఇంజనుకీ పక్కన ఒక రూట్స్ బ్లోవర్ తప్పనిసరి. లారీల్లో, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడిన పడవల్లో, ట్యాంకుల్లో ఈ ఇంజన్లు నడిచాయి. యుద్ధం అయ్యాక ఆ సామాను కబాడీకి చేరింది. కాలిఫోర్నియా కుర్రాళ్ళు ఆ బ్లోవర్లు తెచ్చి పాత ఫోర్డ్ వీ8ల నెత్తిన బిగించారు. బార్నీ నవారో ఆ పని చేసిన తొలి వారిలో ఒకడు. డీజిల్ ఇంజనుకి ఊపిరి పోయడానికి పుట్టిన వస్తువు పెట్రోలు కారుకి పందెపు జోరు ఇచ్చింది.

అదే కాలంలో రెడీమేడ్ కిట్లూ వచ్చాయి. మెకల్లక్ కంపెనీ 1937లోనే ఫోర్డ్ వీ8కి సూపర్‌చార్జర్ అమ్మింది. 1950ల్లో పెన్సిల్వేనియాలోని జడ్సన్ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కీ, ఎంజీలాంటి చిన్న స్పోర్ట్స్ కార్లకీ కిట్లు చేసింది. ఇంగ్లండ్‌లో షోరాక్ అదే పని చేసింది. తర్వాతి కథ మాజ్డా ఎంఎక్స్-5ది. 1989లో వచ్చిన ఆ రెండు సీట్ల కారులో ఇంజను 1.6 లీటర్లు. కారు హల్కాగా, సొగసుగా ఉండేది గానీ జోరు తక్కువ. జాక్సన్ రేసింగ్ వాళ్ళు ఈటన్ ఎం45 బ్లోవర్‌తో దానికి కిట్ చేశారు. అదే ఎం45 రకం బ్లోవర్ 2002 నుంచి 2006 దాకా మినీ కూపర్ ఎస్ కార్లలో ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. ఆ మినీలు పాతబడి కబాడీకి చేరాక షౌకీన్లకి సస్తా బ్లోవర్లు దొరికాయి.

ఇక్కడ చిన్న హిసాబ్ చూడండి. 1.6 లీటర్ల ఇంజను ఒక చుట్టుకి 0.8 లీటర్ల గాలి పీలుస్తుంది. ఎం45 తాను ఒక చుట్టు తిరిగితే 45 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 0.74 లీటర్లు తోస్తుంది. పుల్లీ సైజు చూసుకుని ఇంజను ఒక చుట్టుకి బ్లోవర్ ఒకటిన్నర చుట్లు తిరిగేలా చేస్తే 1.1 లీటర్లు. కాగితం మీద దాదాపు 40 శాతం ఎక్కువ గాలి.

కానీ కాగితం వేరు, ఇంజను వేరు. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి ఇంత ఒత్తిడికే 80 డిగ్రీల దాకా పోగలదు. మా తీరంలో మే నెల ఎండకి ఇంకా పైకే. వేడి గాలి పలచబడి లాభం తగ్గిస్తుంది. పైగా పెట్రోలు టైముకి ముందే అంటుకుని నాకింగ్ మొదలవుతుంది. పట్టించుకోకపోతే పిస్టన్ ఖతం. అందుకే గాలితో పాటు పెట్రోలు పెంచాలి, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరపాలి, వీలైతే గాలిని చల్లార్చాలి.

బ్లోవర్ కబాడీలో దొరుకుతుంది. ఖర్చంతా దాన్ని పట్టుకునే బ్రాకెట్‌లో, పుల్లీలో, బెల్టులో, పెట్రోలు లెక్కలో ఉంటుంది. బ్రాకెట్ కొంచెం వంకర పోతే బెల్టు తెగుతుంది, సన్నగా ఉంటే అదురుకి పగులుతుంది. మొదటి బ్రాకెట్ చెయ్యడానికి నెలలు పట్టొచ్చు. ఎక్కడ పగిలిందో చూసి రెండోది, అది వంగితే మూడోది. చివరికి కుదిరిన కొలతలు కాగితం మీదికి ఎక్కాకే పదో మనిషికి అది ఒక పూటలో బిగించుకునే 'కిట్' అవుతుంది. సస్తా కిట్ అంటే ఒకరి తకలీఫ్ పదిమందికి మళ్ళీ పడకుండా రాసి పెట్టడమే.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు అల్-జజరీ గుర్తొస్తారు. దియార్‌బకిర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఆ ఉస్తాద్ 1206లో తన గ్రంథం పూర్తి చేశారు. ఇల్మ్, అమల్ రెండూ ఆ గ్రంథం పేరులోనే ఉన్నాయి. రెండు సిలిండర్లు, పీల్చే గొట్టాలు ఉన్న నీటి పంపు అందులో ఉంది. యంత్రాల బొమ్మలతో పాటు, ఇంకో కారీగర్ మళ్ళీ చెయ్యగలిగేలా ఎలా చెయ్యాలో రాశారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ కొలతలు చూసి ఆయన యంత్రాలు మళ్ళీ కట్టినవాళ్ళున్నారు.

మన దగ్గర లేత్ మిషన్ల ముందు, హైవే షెడ్లలో ఎంత హునర్ ఉందో మీకు తెలుసు. మన ఖాందాన్లలో మామూనో చాచానో మెకానిక్ లేని ఇల్లు తక్కువ. కంపెనీ పార్టు దొరకనప్పుడు ముక్క కోసి, వెల్డింగ్ పెట్టి బండి నడిపించేది వాళ్ళే. కానీ ఆ ఇల్మ్ ఉస్తాద్ చేతినుంచి షాగిర్ద్ చేతికి పోతుంది తప్ప కాగితం మీదికి రాదు. ఉస్తాద్ కన్ను మూస్తే సగం పోతుంది. పెళ్ళి సంబంధాల దగ్గర 'అబ్బాయి మెకానిక్' అని గొంతు తగ్గించి చెప్పే మనమూ అందుకు కొంత జిమ్మేదారులమే.

కుర్రాళ్ళకి కానూన్ మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ చెప్పినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. రోడ్డు బండి మీద ఈ ప్రయోగం చేస్తే రిజిస్ట్రేషన్‌కి, ఇన్సూరెన్స్‌కి చిక్కే. ఈ షౌక్ రేసు ట్రాక్ మీద తీర్చుకోవాలి.

నోటు పుస్తకానికి మాత్రం ఏ కానూనూ అడ్డు రాదు. మీ ఇంట్లో పని నేర్చుకుంటున్న కుర్రాడు ఉంటే ఒకటి కొనివ్వండి. పుల్లీ వ్యాసం ఎంత, బోల్టుకి బోల్టుకి దూరం ఎంత, ఏ బ్రాకెట్ ఎన్ని రోజులకి ఎక్కడ పగిలింది, తారీఖు వేసి రాయమనండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. పక్కన ఉస్తాద్ పేరు రాయడం మాత్రం మరవొద్దని చెప్పండి.