ఆ సితారా పేరు ఎవరిది?

పోయిన రంజాన్‌లో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో నేనొక మెసేజ్ ఫార్వర్డ్ చేశాను. "అల్‌గోల్ అనే సితారా వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. వెయ్యేళ్ల కిందటే ముస్లిం సైంటిస్టులు ఈ సంగతి కనిపెట్టి, దానికి దెయ్యం పేరు పెట్టారు" అని అందులో ఉంది. చాచా, మాము, ఫుప్పూ అందరూ మాషా అల్లాహ్ అన్నారు. డిగ్రీ చదివే నా బేటీ మాత్రం ఆ రాత్రి తరావీహ్ అయి నేను ఇంటికొచ్చాక నెమ్మదిగా అడిగింది. "అబ్బాజాన్, దీనికి దలీల్ ఏది?"

నా దగ్గర లేదు. ఆ షర్మిందగీతోనే కితాబులు తిరగేయడం మొదలుపెట్టాను. దొరికింది మీ ముందు పెడుతున్నాను.

ముందు నా గలతీ సంగతి. అల్‌గోల్ అంటే అరబీలో 'అల్ గూల్', దెయ్యం. పూర్తి పేరు 'రాసుల్ గూల్', దెయ్యం తల. గ్రీకులు ఆ సితారాల గుంపులో ఒక వీరుణ్ణి, అతని చేతిలో నరికిన రాక్షసి తలను ఊహించుకున్నారు. అరబీ ఆలిమ్‌లు ఆ తలను గూల్ అన్నారు. అంటే పేరు వచ్చింది ఆ బొమ్మ నుంచి. వెలుగు మారడానికీ దానికీ సంబంధం లేదు. వెలుగు మారుతుందని 17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన మోంటనారి గుర్తించాడు. అది దాదాపు 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుందని లెక్కకట్టింది ఇంగ్లండ్ కుర్రాడు జాన్ గుడ్‌రిక్. సంవత్సరం 1783. అప్పటికి అతనికి 18 ఏళ్లు, చెవులు వినబడవు. మనకు ఒకటిగా కనిపించే చోట సితారాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. మసక సితారా వెలుగు సితారాకు అడ్డం వచ్చినప్పుడల్లా కాంతి తగ్గుతుంది. అక్కడ జరిగేది ఒక చిన్న గ్రహణమే.

కాబట్టి ఆ ఫార్వర్డ్ గలత్. కానీ దాన్ని వెతుకుతూ పోతే అసలు ఖజానా దొరికింది.

మన ఊళ్లలో రైతుల నోట వినే కార్తెలు మీకు తెలుసు. రోళ్లు పగిలే ఎండ అని పేరున్న రోహిణి కార్తె ఉంది కదా, ఆ రోహిణి సితారాను ప్రపంచమంతా 'అల్డెబరాన్' అంటుంది. అది అరబీ 'అద్దబరాన్', వెంట నడిచేది అని మాయనా. ఎవరి వెంట? సురయ్యా వెంట. తెలుగులో కృత్తికలంటే అవే. మన ఖాందాన్‌లలో సురయ్యా అనే పేరున్న ఆడపిల్లలు ఎందరో! రోజూ ఆస్మాన్‌లో సురయ్యా ముందు నడుస్తుంది, దబరాన్ వెనకే వస్తుంది. ఎడారిలో రాత్రి ప్రయాణాలు చేసిన అరబ్బులు చూసి పెట్టిన పేరది.

ఆరుద్ర కార్తె ఇంకా మజా. ఆరుద్ర సితారాకు లోకంలో పేరు 'బెటల్‌జ్యూస్'. అసలు పేరు 'యదుల్ జౌజా', జౌజా చెయ్యి. అరబీలో మాట మొదట్లో వచ్చే 'యే'కి కింద రెండు నుఖ్తాలు, 'బే'కి ఒక్కటి. యూరప్‌లో తర్జుమా చేసినప్పుడు ఒక నుఖ్తా తగ్గి, 'యద్' కాస్తా 'బద్' అయింది. చిన్నప్పుడు నుఖ్తా తప్పితే మక్తబ్‌లో ఉస్తాద్ చెవి మెలిపెట్టేవారు. ఒక సితారా పేరే అలా మారిపోయి శతాబ్దాలుగా నిలిచిపోయింది!

ఇంకా 'రైజెల్' అంటే రిజ్ల్, కాలు. 'డెనెబ్' అంటే జనబ్, తోక. 'ఫోమల్‌హాట్' అంటే ఫముల్ హూత్, చేప నోరు. మన అభిజిత్, శ్రవణం అనే సితారాలే 'వేగా', 'ఆల్టేర్'. వాటి మూలం 'నస్రుల్ వాఖె', 'నస్రుత్ తాయిర్'. వాలుతున్న గద్ద, ఎగురుతున్న గద్ద.

ఈ పేర్లను జాగ్రత్తగా కూర్చిన మనిషి అబ్దుర్రహ్మాన్ సూఫీ. 903లో ఇప్పటి టెహ్రాన్ దగ్గరి రయ్‌లో పుట్టారు. బువైహిద్ బాద్షా అజుదుద్దౌలా దర్బార్‌లో పనిచేశారు. 964 ప్రాంతంలో స్థిర సితారాల మీద ఒక కితాబ్ రాశారు. పునాది గ్రీకు ఆలిమ్ టాలెమీ గ్రంథమే, ఆ మాట ఆయన దాచలేదు. కానీ ఉస్తాద్ రాశాడు కదా అని కళ్లు మూసుకుని నఖల్ కొట్టలేదు. ఒక్కో సితారాను తన కళ్లతో చూసి, వెలుగు ఎంతో మళ్లీ అంచనా వేశారు. టాలెమీతో తేడా వస్తే వచ్చిందనే రాశారు. 48 గుంపులకూ రెండేసి బొమ్మలు గీయించారు. ఒకటి నేల మీద నుంచి కనిపించేట్టు, ఇంకొకటి ఆస్మాన్ గోళం మీద ఉండేట్టు.

సితారాల స్థానాలు చాలా నెమ్మదిగా జరుగుతుంటాయి. ఒక డిగ్రీ జరగడానికి 100 ఏళ్లు అన్నాడు టాలెమీ. ఖలీఫా మామూన్ జమానాలో ఆలిమ్‌లు తేల్చిన 66 ఏళ్ల లెక్కను సూఫీ తీసుకున్నారు. ఈనాటి లెక్క దాదాపు 72. సూఫీ అంకె కూడా పూర్తిగా సహీ కాదు, కానీ సహీకి చాలా దగ్గరికి వచ్చింది. ఇల్మ్ ముందుకు నడిచే తీరే అది.

అదే కితాబ్‌లో చేప నోటి దగ్గర ఒక చిన్న మేఘపు మరక ఉందని సూఫీ గుర్తు పెట్టారు. టెలిస్కోప్ పుట్టడానికి ఆరు వందల ఏళ్ల ముందు మాట ఇది. అదేమిటో ఆయనకు తెలియదు. తెలియకపోయినా వదిలేయలేదు, చూసింది చూసినట్టు రాశారు. 1920లలో అమెరికాలో ఎడ్విన్ హబుల్ ఆ మరక మన పాలపుంతకు బయట ఉన్న మరో గెలాక్సీ అని రుజువు చేశాడు. పేరు ఆండ్రోమెడా. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి అక్కడి నుంచి మన దాకా రావడానికి దాదాపు 25 లక్షల ఏళ్లు పడుతుంది. సూఫీ కంటిని తాకిన ఆ రౌష్నీ బయలుదేరినప్పుడు భూమి మీద మనలాంటి మనుషులే లేరు.

నన్ను ఎక్కువ కదిలించిన సంగతి మన హైదరాబాద్‌ది. సూఫీ అరబీ కితాబ్‌ను 1954లో అచ్చు వేసింది మన దాయిరతుల్ మఆరిఫ్. 1888లో మొదలైన ఆ ఇదారా ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. అదే షెహర్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశారు. తర్వాత అది బేగంపేటకు మారింది. ఆస్మాన్ మొత్తాన్ని ఫొటోలు తీయాలని ప్రపంచ దేశాలు పంచుకున్న పనిలో, చిలీలోని సాంటియాగో పూర్తి చేయలేకపోయిన వాటాను హైదరాబాద్ నెత్తికెత్తుకుంది. 7 లక్షలకు పైగా సితారాల స్థానాలు కొలిచారు. ఆ పని చేసినవాళ్లలో హిందువులు, ముస్లింలు, ఇంగ్లిష్‌వాళ్లు అందరూ ఉన్నారు.

మనం ఫఖర్ పడదగ్గవి ఇన్ని ఉండగా అబద్ధం ఫార్వర్డ్ చేయాల్సిన మజ్బూరీ ఏముంది? టాలెమీ దగ్గర నేర్చుకోవడానికి సూఫీ సిగ్గుపడలేదు, ఆయన్ని సరిదిద్దడానికి భయపడలేదు. గుడ్‌రిక్ పేరు గుడ్‌రిక్‌కి ఇస్తే సూఫీ ఇజ్జత్ ఏమీ తగ్గదు.

గ్రూపులో మాఫీ అడిగి, ఈ వివరమంతా రాశాను. ఈసారి మాషా అల్లాహ్‌లు తక్కువే వచ్చాయి. బేటీ మాత్రం సలామ్ బొమ్మ పెట్టింది. చలికాలం రాగానే షెహర్ లైట్లకు దూరంగా మా నానీ ఊరు వెళ్లి ఆ చిన్న మేఘాన్ని చూడాలని ఇద్దరం అనుకున్నాం. నెల లేని రాత్రి చూసుకుని మీరూ పిల్లల్ని మిద్దెక్కించండి. వాళ్లు దలీల్ అడిగితే విసుక్కోకండి.