పద్మావతి నిలయం

తిరుచానూరులో తిరుమల తిరుపతి దేవస్థానం యాత్రికుల కోసం కట్టించిన వసతి సముదాయం. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా కలెక్టరేటు ఇక్కడే నడిచింది.

మఠాలు సత్రాలుగా మారడం పుణ్యక్షేత్రాల్లో వింత కాదు. ఇక్కడ కథ తిరగబడింది: సత్రమే కచేరీ అయింది. అంతకుముందే ఒక మజిలీ ఉంది. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఈ గదుల్లో యాత్రికులకు బదులు రోగులు ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్ జిల్లాల పునర్విభజనపై 2022 జనవరిలో వచ్చిన తొలి ప్రకటనలో ఈ కొత్త జిల్లా పేరు శ్రీబాలాజీ. తుది ప్రకటనలో తిరుపతి అయింది. కార్యాలయాలకు తయారుగా ఉన్న పెద్ద భవనం కావలసి రావడంతో ప్రభుత్వం దీన్ని దేవస్థానం నుంచి బాడుగకు తీసుకుంది. భక్తుల కానుకలతో కట్టిన వసతిని కచేరీకి ఇవ్వడమేమిటని హైకోర్టులో వ్యాజ్యం పడింది. ఏకసభ్య ధర్మాసనం అడ్డుకుంది, డివిజన్ బెంచి ఆ అడ్డు తొలగించింది. న్యాయం ఎటున్నా, ఆ ప్రశ్న తోసిపుచ్చదగ్గది కాదు. తిరుచానూరు పద్మావతి అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల చివర పంచమీ తీర్థానికి పద్మసరోవరం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజుల్లో ఒక్కో గదీ విలువైనదే.

పుత్తూరువాళ్ల సంగతి వేరు. నగరి నియోజకవర్గంలో పుత్తూరు, వడమాలపేట మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, నగరి చిత్తూరు జిల్లాలోనే మిగిలింది. దాంతో, అమ్మవారి దర్శనానికి వెళ్లే ఊరికే అర్జీ పట్టుకుని కూడా వెళ్లవలసి వచ్చింది. పుత్తూరు నుంచి దూరం సుమారు 35 కిలోమీటర్లు.